ఒక మాటకు అర్థం అడిగినందుకు

కలకత్తాకు దక్షిణాన జాదవ్‌పూర్. 1980-81 నాటి సంగతి. ఆ ప్రాంతపు కళాశాల ఒకదానిలో పాఠాలు చెప్పే అధ్యాపకురాలు ఇంటికి వెళ్ళడానికి సైకిల్ రిక్షా ఎక్కారు. రిక్షా త్రొక్కుతున్న మనిషిని కొంతకాలంగా ఒక సందేహం వేధిస్తున్నది. చూడబోతే చదువుకున్నవారిలా ఉన్నారు, ఈమెకు తెలిసి ఉంటుందనుకున్నాడు. జంకుతూనే అడిగాడు: ‘జిజీవిష’ అంటే ఏమిటి?

అధ్యాపకురాలికి ఆశ్చర్యం కలిగింది. జీవించాలనే కోరిక అని అర్థం చెప్పారు. ఇంత బరువైన మాట నీకెక్కడ తగిలిందని తిరిగి అడిగారు. పుస్తకంలో అన్నాడతను.

అతని పేరు మనోరంజన్ బ్యాపారి. తూర్పు బెంగాలు నుంచి శరణార్థులై వచ్చిన నిరుపేద దళిత కుటుంబంలో పెరిగినవాడు. బడికి వెళ్ళి చదువుకొనే యోగం అతనికి లేకపోయింది. వయసు వచ్చాక జైలుపాలై, ఆ జైలులోనే అక్షరాలు దిద్దుకున్నాడు. బయటికి వచ్చి రిక్షా పట్టిన తరువాత, బేరాలు లేని వేళ చేతికందిన పుస్తకమల్లా చదవడం అతనికి వ్యసనమైంది.

రిక్షా దిగుతూ ఆ అధ్యాపకురాలు, తాను ఒక పత్రిక నడుపుతున్నాననీ, కాయకష్టం చేసి బ్రతికేవారు తమ బ్రతుకులను గురించి తామే వ్రాసుకున్నవి అందులో అచ్చవుతాయనీ, నీవు కూడా వ్రాయవచ్చుననీ చెప్పారు. ఒక కాగితం మీద తన పేరు, చిరునామా వ్రాసి ఇచ్చారు. ఆ పేరు చదివిన బ్యాపారికి నోట మాట రాలేదు. అతడు ఆ రోజులలో చదువుతున్న పుస్తకం ‘అగ్నిగర్భ’. దాని అట్ట మీద ఉన్న పేరే ఈ కాగితం మీదా ఉన్నది: మహాశ్వేతాదేవి.

1981లో బ్యాపారి తొలి రచన ఆమె పత్రికలో వెలువడింది. రిక్షా లాగే మనిషి తన బ్రతుకును గురించి తానే చెప్పుకున్న వ్యాసమది. ఆ తరువాత ఆయన ఎన్నో కథలు, నవలలు, దేశవ్యాప్తంగా పేరు తెచ్చిన ఆత్మకథ వ్రాశారు. 2021లో పశ్చిమ బెంగాల్ శాసనసభకు ఎన్నికయ్యారు కూడా.

పాఠకుడు ఒక మాటకు అర్థం అడిగాడు. రచయిత్రి అర్థం చెప్పి అక్కడితో ఊరుకోలేదు. నీ కథ నీవే వ్రాయమని కలం అతని చేతికే అందించారు. ఆమె పాఠకులకు ఇచ్చిన జవాబులన్నిటి తీరూ ఇదే.

రైలు పట్టణంలో ఒక సాయంత్రం

నేను ఉంటున్నది ఖరగ్‌పూర్‌లో. హౌరా నుంచి రైలు మార్గాన సుమారు 115 కిలోమీటర్ల దూరం. పాత బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ వేసిన పట్టాల కూడలిలో, ఆ కంపెనీ కట్టిన వర్క్‌షాపు చుట్టూ పెరిగిన ఊరు. స్టేషనులోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్ల పొడవైనదని చిరకాలం పేరు మోసింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ ఖ్యాతిని దాటిపోయాయి.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వందేళ్ళ క్రిందటే తెలుగువారు ఈ ఊరికి పనికి వచ్చారు. ఫిట్టర్లుగా, కలాసీలుగా, బొగ్గు యింజన్ల మీద ఫైర్‌మన్లుగా చేరి, పిల్లాపాపలతో ఇక్కడే స్థిరపడ్డారు. సంక్రాంతి వస్తే రైల్వే క్వార్టర్ల ముంగిళ్ళలో ముగ్గులు కనిపిస్తాయి. 1920ల చివర ఇక్కడి వర్క్‌షాపు కార్మికుల తొలగింపునకు వ్యతిరేకంగా సాగిన పోరాటానికి నాయకత్వం వహించినవారిలో, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు ఒకరు. ఆ మాట చెప్పుకొని ఇక్కడి పెద్దలు నేటికీ పొంగిపోతారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించడానికి ముఖ్య కారణం ఈ ఊరి తెలుగువారే.

గత శీతకాలంలో ఒక ఆదివారం సాయంత్రం ఈ కాలనీలోని తెలుగు పాఠకులు పాతికమంది ఒక ఇంటి వసారాలో సమావేశమై, మహాశ్వేతాదేవి రచనలను గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అనువాదం నా వృత్తి. చెప్పవలసినది చెప్పి కూర్చున్నాను. అటుపైన ప్రశ్నలు మొదలైనాయి.

రచయిత్రులను ప్రశ్నలు అడగడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ శీర్షికకు దశాబ్దాల తరబడి ఉత్తరాలు వ్రాసిన లోకం మనది. కాని నన్ను అడుగుతున్నవి నేను జవాబు చెప్పదగిన ప్రశ్నలు కావు. అవి ఆమెకు చెందవలసినవి. ఆమె 2016 జూలై 28న కన్నుమూశారు. అయితే ఆ సాయంత్రం వచ్చిన ప్రశ్నలలో ఆమె బ్రతికి ఉండగా వినని ప్రశ్న దాదాపు ఒక్కటీ లేదు. ముందుమాటలలోను, పత్రికా శీర్షికలలోను, అనువాదకులతో జరిపిన సంభాషణలలోను ఆమె అన్నిటికీ సమాధానం చెప్పే వెళ్ళారు. నేను చేసినదల్లా వాటిని తెలుగులో వినిపించడమే.

‘ఈ కథలు మీకెక్కడ దొరికాయి?’

అందరికంటె ముందు ఒక ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న ఇది. ఏ రచయితకైనా తప్పని ప్రశ్న.

మహాశ్వేతాదేవి 1926 జనవరి 14న ఢాకాలో జన్మించారు. తండ్రి మనీశ్ ఘటక్ కవి, నవలా రచయిత. తల్లి ధరిత్రీదేవి కూడా రచయిత్రే. చిత్ర దర్శకుడు ఋత్విక్ ఘటక్ ఆమెకు పినతండ్రి. శాంతినికేతనంలో ఆంగ్ల సాహిత్యం చదివి పట్టభద్రులైనారు. ఇటువంటి ఇంట పుట్టి, ఇటువంటి చదువు చదివినవారికి కథావస్తువులు పుస్తకాల అలమరలలోనే దొరికేవి. ఆమె ఆ అలమర దగ్గర ఆగలేదు.

ఆమె తొలి పుస్తకం 1956లో వచ్చిన ‘ఝాన్సీర్ రాణి’. అది వ్రాయడానికి ముందు ఝాన్సీ, గ్వాలియర్ పరిసరాలు స్వయంగా తిరిగి, పల్లెజనం నోట రాణిని గురించి వినవచ్చే పాటలు, గాథలు సేకరించారు. ప్రభుత్వ పత్రాలలో కనిపించే రాణి వేరు, ఆ పాటలలో బ్రతికి ఉన్న రాణి వేరు. చరిత్రకు ఆధారాలు కాగితం మీదనే కాక మనుషుల గొంతులలో కూడా ఉంటాయని ముప్పై ఏళ్ళ వయసులో ఆమె నేర్చిన పాఠం కడదాకా ఆమెను విడువలేదు.

నాటి బీహారులోని పలామూ జిల్లాలో వెట్టిచాకిరిని కళ్ళారా చూశారు. తండ్రి చేసిన చిన్న అప్పుకు కొడుకూ మనుమడూ బానిసలైన వైనం అక్కడి ఆదివాసుల నోటనే విన్నారు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చిన తరువాత కూడా అది ఎట్లా కొనసాగుతున్నదో కథలలోను, వ్యాసాలలోను వ్రాశారు. బిర్సా ముండా 1900 జూన్ 9న రాంచీ జైలులో మరణించిన డెబ్బైయేడేళ్ళకు, 1977లో, అతని తిరుగుబాటును ‘అరణ్యేర్ అధికార్’ నవలగా వెలువరించారు. తెలుగు పాఠకులకు ‘ఎవరిదీ అడవి’గా పరిచయమైన ఈ నవలకే 1979లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

నీ రచనకు ప్రేరణ ఎవరని అడిగినప్పుడల్లా ఆమె చెప్పిన సమాధానం దాదాపు ఒక్కటే. దోపిడికి గురి అవుతూ, ఎందరి అవసరాలకో పనిముట్లుగా మారుతూ, అయినా ఓటమిని అంగీకరించని మనుషులే తన రచనకు కారణమనీ, వారిని ఎరిగిన తరువాత ముడిసరుకు కోసం వేరే చోట వెతకవలసిన పని తనకేమున్నదనీ ఆమె అనేవారు.

ఉపాధ్యాయిని కాసేపు ఆలోచించి, ‘అంటే ఆవిడ కల్పించలేదా?’ అన్నది. కల్పించారు. కాని వెళ్ళి చూడకుండా కల్పించలేదు.

‘అంత కరకు భాష ఎందుకు?’

ఒక కళాశాల విద్యార్థిని ఈ ప్రశ్న అడిగింది. ఆమె ‘ద్రౌపది’ కథను ఆంగ్లంలో చదివిందట. 1981లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ చేసిన ఆ అనువాదం ద్వారానే మహాశ్వేతాదేవి పేరు విదేశాల విశ్వవిద్యాలయాలకు చేరింది. తరువాత 1995లో ఆ అనువాదకురాలే ప్రచురించిన మరొక కథా సంపుటంలో రచయిత్రికీ ఆమెకూ జరిగిన సంభాషణ ఉన్నది. అనువదించేవారు అడిగితే రచయిత్రి ఎంత ఓపికగా చెబుతారో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఆ కథలోని సంతాలు స్త్రీకి రెండు పేర్లు. పోలీసు కాగితాలలోను, పెద్దింటివారి నోటను ఆమె ద్రౌపది. తనవారి నోట ‘దోప్ది’. మహాభారత నాయిక పేరు పెట్టుకున్న మనిషి ఆ పేరును తన నాలుకకు తగినట్లు మార్చుకున్నది. మహాశ్వేతాదేవి వచనంలో ఒకే పుటలో ‘జిజీవిష’ వంటి సంస్కృత పదం ఉంటుంది, సర్కారు ఫైలు భాష ఉంటుంది, అడవి మనిషి మాట ఉంటుంది. ఒకదాని అంచు మరొకదానికి గీసుకుంటుంది. కరకుగా తోచడానికి కారణం అదే. ఈ మనుషులు ఒకే దేశంలో ఉంటూ ఒకరి భాష ఒకరికి అందకుండా బ్రతుకుతున్నారు. దానిని నునుపు చేసి చెబితే ఆ దూరం కనిపించకుండా పోతుంది.

తెలుగు చేసేటప్పుడు నాకు ఎదురయ్యే చిక్కు కూడా ఇక్కడే. దోప్ది మాటలను శ్రీకాకుళం యాసలో పెడితే ఆమె శ్రీకాకుళం మనిషి అవుతుంది. పుస్తకాల తెలుగులో పెడితే ఎక్కడి మనిషీ కాకుండా పోతుంది. ఆ విద్యార్థినికి గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి చెప్పాను. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల మాట తమకు అర్థం కావడం లేదని గ్రహించి, ఆ భాష మాట్లాడేవారినే ఆశ్రయించి నేర్చుకున్నారాయన. దశాబ్దాల కృషి తరువాత 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. జనం నాలుక మీది తెలుగు కోసం పోరాడిన మహనీయునికి, పక్క కొండ మీది భాష కూడా అంతే గౌరవనీయంగా తోచింది. వినడం ముందు, వ్రాయడం తరువాత. మహాశ్వేతాదేవి చెప్పినదీ ఇంతకంటె వేరు కాదు.

‘వ్రాస్తే ఏమవుతుంది?’

వెనుక వరుసలో కూర్చున్న ఒక యువకుడు, కొంచెం విసురుగానే, ఈ మాట అన్నాడు. కథలు వచ్చాయి, బహుమతులు వచ్చాయి, ఆ మనుషుల బ్రతుకు మారిందా అని అతని ఉద్దేశం.

బహుమతులు వచ్చిన మాట నిజమే. 1996లో జ్ఞానపీఠం, 1997లో మెగసెసే, 2006లో పద్మవిభూషణ్. కాని ఆ యువకుని ప్రశ్న ఆమెను ఎంతగా వెన్నాడిందో తెలియాలంటే ‘బర్తిక’ కథ తెలియాలి. అది ఆమె తండ్రి నడిపిన చిన్న సాహిత్య పత్రిక. 1979లో ఆయన మరణించారు. 1980లో కుమార్తె దానిని చేతిలోకి తీసుకొని దాని స్వరూపమే మార్చివేశారు. పేరున్న రచయితల స్థానంలో సన్నకారు రైతులు, ఆదివాసులు, ఫ్యాక్టరీ కూలీలు, రిక్షావాలాలు వ్రాయడం మొదలు పెట్టారు. తమ ఊరిలో భూమి ఎవరిది, కూలి ఎంత, నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలి, బడి ఉన్నదా అనే విషయాలు. ఏమి వ్రాయాలో తోచనివారికి ఏమేమి వ్రాయవచ్చునో ఆమె సూచించేవారు. రిక్షా దిగుతూ ఆమె బ్యాపారికి ఇచ్చిన చిరునామా ఈ పత్రికదే.

ఒక ప్రక్క నవలలు వ్రాస్తూ మరొక ప్రక్క పత్రికలలో శీర్షికలు నడిపారు. అధికారులకు అర్జీలు వ్రాశారు. నవలకు పాఠకుడు కావాలి, అర్జీకి జవాబు కావాలి. రెండూ ఒకే కలంతో వ్రాసిన రచయితలు మన దేశంలో ఎందరో లేరు.

యువకుడు తల ఊపాడు గాని, పూర్తిగా సమాధానపడినట్లు తోచలేదు. నాకు సంతోషమే అయింది. అతనికి ఇవ్వవలసిన అసలు జవాబు ఈ ఊరిలోనే ఉన్నది.

‘మన ఊరికి దీనితో ఏమిటి సంబంధం?’

ఈ ప్రశ్న అడిగినవారు వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. సంబంధం ఉన్నది. చాలా దగ్గరి సంబంధం.

ఖరగ్‌పూర్ చుట్టుపక్కల మేదినీపూర్ అడవులలో లోధా శబరులు అనే ఆదివాసులు నివసిస్తారు. 1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే మనుషులను దొంగలుగా ముద్ర వేసే పద్ధతి ప్రారంభించింది. 1916లో లోధాలను ఆ జాబితాలో చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో చట్టం రద్దయింది. చట్టం పోయినా ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా అనుమానం ముందు లోధాల గుడిసెల మీదికే పోయేది.

మనకు ఇది తెలియని కథ కాదు. ఇదే చట్టం క్రింద బాపట్ల దగ్గర ఎరుకలవారిని చేర్చి స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. ఆ ఊరి పేరును తిట్టుగా వాడినవారు మనలో ఎందరో ఉన్నారు. మద్రాసు నుంచి హౌరాకు వచ్చే రైలు స్టూవర్టుపురం స్టేషను మీదుగానే వచ్చి, ఖరగ్‌పూర్ చేరుతుంది. ఒకే దారిలో రెండు ఊళ్ళు, రెండింటి మీదా ఒకే మచ్చ.

ఆ లోధా శబరులలో, మేదినీపూర్ జిల్లా గోహల్‌దోహి గ్రామంలో, 1965లో చూనీ కోటాల్ అనే బాలిక జన్మించింది. ఆకలితో పెరిగింది, అయినా చదువు మానలేదు. 1983లో ఝార్‌గ్రాంలో ఆదివాసుల అభివృద్ధి కార్యాలయంలో చిరుద్యోగానికి కుదిరి పల్లెలు తిరిగింది. 1985లో డిగ్రీ పూర్తి చేసి, తన జాతిలో పట్టభద్రురాలైన తొలి మహిళ అయింది. తరువాత మేదినీపూర్‌లో బాలికల వసతిగృహానికి పర్యవేక్షకురాలిగా పనిచేస్తూ, విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రంలో పై చదువుకు చేరింది.

అక్కడ తన పుట్టుకను ఎత్తి చూపి అవమానిస్తున్నారనీ, హాజరు విషయంలోను మార్కుల విషయంలోను అన్యాయం చేస్తున్నారనీ ఆమె ఫిర్యాదు చేసింది. విచారణ జరిపిస్తామన్నారు. ఏండ్లు గడిచాయి, న్యాయం జరగలేదు. 1992 ఆగస్టు నెల నడుమ ఆమె ఖరగ్‌పూర్ వచ్చింది. ఆమె భర్త ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగి. ఆగస్టు 16న, ఈ ఊరిలోనే, ఇరవై ఏడేళ్ళ వయసులో చూనీ కోటాల్ తన ప్రాణం తాను తీసుకున్నది.

వసారాలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ మరణం కలకత్తాను కదిలించింది. రచయితలు, విద్యార్థులు, దళిత సంఘాలవారు వీధులలోకి వచ్చారు. మహాశ్వేతాదేవి వెంటనే కలం పట్టారు. చూనీ కోటాల్ కథను దేశమంతటికీ తెలిసేటట్లు అదే నెలలో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ప్రచురించారు. ఆ పత్రిక వ్యవస్థాపక సంపాదకుడు సచిన్ చౌధురి ఆమెకు స్వయంగా మేనమామ.

వార్త వ్రాసి ఆమె ఊరుకోలేదు. 1994లో ‘బ్యాధ్‌ఖండ’ అనే నవల వెలువరించారు. బ్యాధుడంటే వ్యాధుడు, బోయ. పదహారవ శతాబ్దిలో ముకుందరామ్ చక్రవర్తి అనే కవి ఈ మేదినీపూర్ ప్రాంతంలోనే ఉండి ‘చండీమంగళ’ కావ్యం రచించాడు. అందులో కాలకేతు అనే బోయవాని కథ ఒక ఖండం. ఆ కవికి ఆ బోయవారి సంగతులు ఎవరు చెప్పి ఉంటారు? నవల పుట్టినది ఈ ప్రశ్న నుంచే. కావ్యం వ్రాసే బ్రాహ్మణ కవి, అడవి దాటి ఊరి అంచుకు వచ్చిన శబర దంపతులు, వారి నడుమ మాటలు, మౌనాలు. నాలుగు వందల యేళ్ళ క్రిందట ఒక కవి శబరులను పలుకరించి, విని, కావ్యంలో వారికి చోటు ఇచ్చాడు. నాలుగు వందల యేళ్ళ తరువాత వారి బిడ్డ ఒకతె చదువుకుంటానని వస్తే, చదువుకున్నవారు చోటు ఇవ్వలేకపోయారు. రచయిత్రి ఈ మాట ఎక్కడా కేక వేసి చెప్పలేదు. చూనీ కోటాల్ సంగతి తెలిసిన పాఠకునికి మాత్రం ప్రతి పుట వెనుక అది వినిపిస్తుంది.

‘వ్రాస్తే ఏమవుతుంది’ అన్న యువకుని వైపు తిరిగి, ఇంకొక సంగతి చెప్పాను. 1998 ఫిబ్రవరిలో పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే యువకుడు పోలీసు నిర్బంధంలో మరణించాడు. మహాశ్వేతాదేవి సారథ్యంలోని ఖేరియా శబరుల సంక్షేమ సమితి కలకత్తా హైకోర్టును ఆశ్రయించింది. అదే సంవత్సరం జూలైలో న్యాయస్థానం అతని భార్యకు నష్టపరిహారం చెల్లించాలనీ, సీబీఐ దర్యాప్తు జరగాలనీ తీర్పు ఇచ్చింది. దొంగ జాతివాడని ముద్ర వేసిన మనిషి ప్రాణానికి ప్రభుత్వం జవాబుదారీ కావలసి వచ్చింది. ఒక కథ ఒక్కటే ఆ పని చేయలేదు. అయితే వినడం, వ్రాయడం, నిలదీయడం అనే మూడు మెట్లలో మొదటి రెండూ లేకుండా మూడవది ఎక్కినవారు లేరు.

నాలుగు కాగితాలు

సమావేశం ముగిసి అందరూ లేస్తున్నారు. పెద్దాయన మాత్రం కుర్చీలోనే కూర్చున్నారు.

‘అమ్మా, ఆ ఏడాది మేమంతా ఇక్కడే ఉన్నాం. ఆ పిల్ల పేరు ఇవాళే వింటన్నాను’ అన్నారు.

నాకు జవాబు తోచలేదు. ఆ సంవత్సరం నేనూ ఇక్కడే బడికి వెళ్తున్నాను. 1920ల నాటి సమ్మె కథ మా ఇంట పిల్లలకు కంఠస్థం. మా వీధులలోనే జరిగిన ఈ మరణం సంగతి మాత్రం ఎన్నో యేళ్ళ తరువాత, ఆంగ్లంలో అచ్చయిన ఒక పుస్తకం చదివితే తెలిసింది. అప్పటికి నా చదువు పూర్తయి, సాహిత్యంలో పట్టా కూడా చేతికి వచ్చింది.

‘మరి ఇప్పుడు మేమేం చెయ్యాలమ్మా?’ అని అడిగారాయన.

మహాశ్వేతాదేవి అయితే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు. మీకు తెలిసినది వ్రాయండి అన్నాను. నాకేం వ్రాత వచ్చు అని నవ్వి వెళ్ళిపోయారు.

మూడు వారాల తరువాత మా ఇంటి తలుపు తట్టారు. చేతిలో నాలుగు కాగితాలు, రెండు వైపులా నిండిన గుండ్రని తెలుగు అక్షరాలు. తండ్రి పలాస దగ్గరి పల్లె నుంచి ఈ ఊరికి రావడం, తాను పదహారేళ్ళకే వర్క్‌షాపు గేటు దాటడం, సైరను మ్రోతకు ఊరంతా లేవడం, అన్నీ వరుసగా వ్రాశారు. చివరి పుటలో మాత్రం కొన్ని పంక్తులు కొట్టివేసి మళ్ళీ వ్రాశారు.

వారి క్వార్టరు గుమ్మంలోకి ఒక లోధా స్త్రీ కట్టెలు, సాలు ఆకులు తెచ్చి అమ్మేదట. ఇరవై ఏళ్ళు వచ్చిందట. ఆమె వచ్చిన రోజున వాకిట్లో ఆరవేసిన బట్టలు లోపలికి తీసుకొమ్మని పిల్లలకు చెప్పేవారట. ఒక్కనాడూ ఒక్క వస్తువూ పోలేదు. ‘ఆమె పేరు మేము ఎన్నడూ అడగలేదు’ అనే వాక్యంతో వ్యాసం ఆగిపోయింది.

ఆ కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. పైన పేరు పెట్టే చోట పెద్దాయన ఏమీ వ్రాయలేదు. మీరే ఏదైనా పెట్టండమ్మా అన్నారు. నేను పెట్టలేదు. మరి నాలుగు రోజులు ఆలోచించి మీరే పెట్టండి అని చెప్పి పంపాను.